జావా మాట విన్న మేకలు

పెళ్లయి పావగడ తాలూకాకు కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మా అత్త మేకలను మళ్లించే మాట. మా పుట్టిల్లు సరిహద్దుకు అవతల, మడకశిర వైపు. మా ఊళ్లో మేక చేలో పడితే నాలుక మడిచి ఒక కూత వేస్తాం, వినకపోతే రాయి అందుకుంటాం. ఇక్కడ మా అత్త పొద్దు వాలే వేళకు గట్టు మీద నిలబడి "పులాంగ్ సాజా! పులాంగ్ సాజా!" అని అరిచేది. మేకలు మేత ఆపి, తలలెత్తి చూసి, ఒకదాని వెనక ఒకటి ఇంటిదారి పట్టేవి.

తెలుగు కాదు కాబట్టి కన్నడమై ఉంటుందనుకున్నాను. మా అత్తవారి ఊరు కర్ణాటకలో, వల్లూరుకు దగ్గర. ఇళ్లలో మాట్లాడేది తెలుగు; బడికీ ఆఫీసుకూ పోతే కన్నడం. నాకు రాని కన్నడ మాటలు బోలెడు ఉండేవి. వాటిలో ఇదొకటి అనుకుని నేనూ అరవడం నేర్చుకున్నాను. మేకలకు, కోళ్లకు, ఒకసారి చేలో దిగిన పక్కింటి గేదెకు కూడా అదే మాట వాడాను. గేదె కూడా విన్నది. అప్పుడు నాకు కుతూహలం పుట్టి మా ఇంటాయన్ని అర్థం అడిగాను.

"అది మా నాయన జావాలో నేర్చుకొని వచ్చిన మాట" అన్నాడాయన. "అర్థం కావాలంటే ఆయన్నే అడుగు. ఒగసారి అడిగితే సాలు, ఇంగ జన్మలో అడగవు."

మా మామ తెల్లవాళ్ల కాలంలో మిలిటరీలో లారీ డ్రైవరు. ఊళ్లో అందరూ ఆయన్ని మిలిటరీ ఆయన అనే పిలిచేవారు. అయినా ఆయన సముద్రం దాటి జావా దాకా పోయాడంటే నమ్మేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆయన దగ్గర ఒక ఫోటో లేదు, ఒక మెడల్ లేదు. బళ్లారి క్యాంపులో లారీలు కడిగి వచ్చి ఉంటాడని ఊరి పెద్దల అభిప్రాయం. ఆ పక్షానికి నాయకురాలు మా అత్తే. అలాగని ఆమెకు ఆయనంటే కోపం లేదు. ఒకే కథ ముప్పై ఏళ్లకు పైగా వింటున్న మనిషికి ఉండే విసుగు అది.

ఆయన నోట ఇంకా కొన్ని మాటలుండేవి. ఏది నచ్చినా "బాగుస్" అనేవాడు. సంగటి మెత్తగా వస్తే బాగుస్, ఎద్దు సరిగ్గా తిరిగితే బాగుస్. బాగు అనే మాటనే మిలిటరీలో అలా పలుకుతారేమోనని ఊరు అనుకునేది. అదీ జావా మాటేనని ఆయన చెబితే నవ్వేవారు.

అవి వాన మొహం చూపించని ఏళ్లు. బావుల్లో నీళ్లు అడుగంటి, బోర్లు వేసినా దుమ్ము లేచేది. ఏ పంటా నిలవని ఆ నేలలో నిలిచేది వేరుశనగ ఒక్కటే. అందుకే ఊరు ఊరంతా శెనక్కాయే వేసేది. విత్తే కాలం దగ్గర పడితే ఇంటింటా కాయలు ఒలిచే పని. గింజ పొర ఊడకూడదు, ముక్క కాకూడదు, ఊడితే మొలవదు. అందుకని కాయలను తడిపి, చేత్తోనే ఒలిచేవాళ్లం. మధ్యాహ్నం అన్నాలయ్యాక పంచలో కూర్చుంటే సాయంత్రానికి బొటనవేళ్లు మంట పుట్టేవి. ఆ మంట మరిపించడానికి కథ కావాలి. మొదటి ఏడాది కాయలు ఒలిచే దగ్గరే నేను మా మామను అడిగాను, మామా, ఆ మేకల మాటకు అర్థమేమిటని.

మా అత్త నావైపు జాలిగా చూసింది. మా ఇంటాయన ఎద్దులకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోయాడు. మా మామ మాత్రం ఒలిచిన గింజలు చాటలో పోసి, చేతులు దులుపుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆయన మిలిటరీలో చేరింది కూడా ఒక కరువు ఏడే. అప్పటికే పెళ్లయింది. మా అత్త ఇంకా చిన్నపిల్ల, పుట్టింట్లోనే ఉండేది. అనంతపురంలో మనుషుల్ని చేర్చుకుంటున్నారని విని నడిచిపోయాడు. బండి నడపడం వచ్చా అని అడిగారట. వచ్చునన్నాడు. వాళ్లు అడిగింది మోటారు బండి అని, లోపల కూర్చోబెట్టాక గానీ ఆయనకు తెలియలేదు. ఏమైతేనేం, నేర్పించారు. బర్మాలో బురద దారుల్లో లారీ నడిపాడు. జపాను ఓడిపోయి యుద్ధం అయిపోయింది. ఇంక ఇంటికేనని అందరూ మూటలు కట్టుకుని ఓడ ఎక్కారు. ఆ ఓడ మద్రాసు రేవుకు కాకుండా జావా రేవుకు పోయి ఆగింది.

ఎందుకో మా మామకు తెలియదు. చెప్పింది వాళ్ల దళంలో ఉన్న గుమాస్తా, వేలూరు వైపు తమిళాయన. జావాను, దాని చుట్టుపక్కల దీవులను తరతరాలుగా ఏలింది డచ్చివాళ్లు. యుద్ధంలో జపాను వచ్చి వాళ్లను తరిమి, దొరికిన వాళ్లను ఆడా మగా పిల్లలతో సహా కంచెల్లో పెట్టింది. జపాను ఓడిపోగానే ఆ దేశం వాళ్లు ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. మేం స్వతంత్రులమని చాటి, ఎరుపూ తెలుపూ జెండా ఎత్తేశారు. డచ్చివాళ్లకేమో తమ దేశం తమకు మళ్లీ కావాలి. చేతిలో సైన్యం లేదు. అందుకని ముందు ఇంగ్లీషువాళ్లు దిగారు. ఇంగ్లీషువాళ్ల సైన్యం అంటే మనవాళ్లే కదా.

"ఇల్లు ఖాళీ చేసి పోయినోడు మల్లా వచ్చి, నా మంచం యాడ, నా కుర్చీ యాడ అని అడిగినట్ల" అనేవాడు మా మామ. "ఆ అడిగేదానికి మా లారీ."

గుమాస్తా ఇంకో సంగతి కూడా చెప్పాడట. డచ్చివాళ్ల సొంత దేశాన్ని అయిదేళ్లు జర్మనీవాళ్లు తొక్కిపెట్టారు. వాళ్లు విడుదలై ఇంకా ఏడాది కూడా తిరగలేదు. ఆ నొప్పి తెలిసిన మనుషులు ఇంకొకరి ఊరికి ఎలా వచ్చారో తనకు అర్థం కాలేదని ఆ తమిళాయన అంటూ ఉండేవాడట.

వాళ్లు దిగింది సురబాయ అనే రేవు పట్నంలో. ట్రాము బండ్ల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా ఎర్ర రంగుతో ఇంగ్లీషు రాతలు. మా మామకు చదువు రాదు. గుమాస్తా చదివి చెప్పేవాడు. మేం స్వతంత్రులమైపోయాం, మళ్లీ ఒకరి కిందికి పోం అని కొన్ని. మీ దేశమూ ఇదే అడుగుతోంది కదా, మా మీదికెందుకు వచ్చారు అని కొన్ని. ఆ రెండో రకం రాత వచ్చినప్పుడు గుమాస్తా చదవడం ఆపి బీడీ వెలిగించేవాడట.

ఒకరోజు మా మామకు ఒక పని అప్పగించారు. కంచె నుంచి విడుదలైన ఒక డచ్చి కుటుంబాన్ని వాళ్ల పాత ఇంటికి చేర్చాలి. భార్యా భర్తా, ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్లు తిండి లేక అందరూ ఎండిపోయి ఉన్నారు. దొర కోటు కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. వీధులు మాత్రం బాగుస్ అట, రెండు పక్కలా చెట్లు, శుభ్రంగా. ఇల్లు పెద్దది, తెల్ల సున్నం, ఎర్ర పెంకులు. పైన ఎరుపూ తెలుపూ జెండా ఎగురుతోంది.

దొర లారీ దిగాడు. గేటు దగ్గర నిలబడి, నిన్ననే ఇంట్లోంచి బయటికి పోయి వచ్చినవాడిలా, తన వంటాయన్ని పేరు పెట్టి కేకేశాడు. వంటాయన వచ్చాడు. ఇప్పుడాయన చేతికి ఎరుపూ తెలుపూ గుడ్డ కట్టి ఉంది. దొర ఏవేవో చెప్పాడు. వంటాయన అంతా విన్నాడు, లోపలికి వెళ్లాడు, కూజాతో నీళ్లు తెచ్చి గేటు కమ్మీల సందులోంచి అందించాడు. నలుగురూ తాగారు. తాగాక దొర గేటు గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు వంటాయన అన్న మాటే, "పులాంగ్ సాజా, తువాన్."

తువాన్ అంటే దొర అని మా మామకు తెలుసు. తక్కినదానికి ఆయనే అర్థం చెప్పుకున్నాడు. "గేటు తియ్యను, అవతలికి ఫో, అని" అంటూ లేచి నిలబడి, మూలనున్న ముల్లుగర్ర తీసుకుని నేలకు కొట్టి, ఇంటి పైకప్పు అదిరేలా ఆ మాట అని చూపించాడు. కథలో ఊరికంతా నచ్చే ఘట్టం అదే. పిల్లలు ఆ అరుపు కోసమే మిగతా కథంతా వినేవారు. చేలో మేకలు పడితే ఆయన మొదట అదే అరుపు అరిచాడు. అది అత్తకు అంటుకుంది, తర్వాత వీధికంతా.

ఆ తర్వాత కొన్నాళ్లకే పట్నంలో యుద్ధం మొదలైంది. మా మామ లారీ ఒక సందులో చిక్కుకుంది. వెదురు బరిసెలు పట్టుకున్న కుర్రాళ్లు చుట్టుముట్టారు. చావు ఖాయమనుకున్నాడు. వాళ్ల భాషలో ఏం చెప్పాలో తెలియలేదు. గోడల మీద అందరూ రాసుకున్న ఒక మాట, వీధుల్లో అందరూ కేకేసే మాట నోటికొచ్చింది. మెర్దేకా అన్నాడు. స్వతంత్రం అని దానికి అర్థం. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారట. లారీ తీసుకున్నారు, బూట్లు విప్పించుకున్నారు, మనిషిని వదిలేశారు.

"బూట్లు పాయె, లారీ పాయె, పానం మాత్రం మిగిలె" అనేవాడు. మా అత్త తల ఎత్తకుండానే, "పోయినేడు చెప్పినప్పుడు బెల్టు గూడా పీక్కున్న్యారంటివి" అనేది.

మనవాళ్లలో కొందరు తుపాకులతో సహా అవతలి పక్షానికి వెళ్లిపోయారట. ఒక పంజాబీ డ్రైవరు అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. మీరెందుకు పోలేదు మామా అని అడిగాను. మా అత్త వైపు చూసి, ఊళ్లో శెనక్కాయలు పెరికేవాళ్లు లేరని వచ్చేశానన్నాడు.

మరుసటి ఏడు ఇంగ్లీషువాళ్లు అక్కణ్నుంచి తప్పుకున్నారు. మా మామ ఊరు చేరాడు. మిగిలిన కథ ఆయన పావగడ బస్టాండు దగ్గర టీ హోటల్లో, ఎవరో పేపరు చదువుతుంటే విన్నదే. ఆ లోపల డచ్చివాళ్లే సొంత సైన్యం తెచ్చుకున్నారు. విమానాలు తెచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు విరుచుకుపడి పట్నాలన్నీ పట్టుకున్నారు, ఆ దేశం నాయకులను కూడా పట్టుకుని బంధించారు. అప్పటికి మనకు స్వతంత్రం వచ్చింది. మన గవర్నమెంటు డచ్చివాళ్ల విమానాలను మన ఆకాశంలోకి రానివ్వనంది. ఏం జరిగిందో ఏమో, అన్ని పట్నాలు పట్టుకున్నా డచ్చివాళ్లకు ఆ దేశం చిక్కలేదు. జెండా దించి వెళ్లిపోయారని ఒకరోజు పేపర్లో వచ్చింది. మా మామ పావగడలో బొరుగులు, బెల్లం కొని తెచ్చి వీధిలో అందరికీ పంచాడు.

"మన సొతంత్రం వచ్చినప్పుడు ఒగ బొరుగు పంచలే" అనేది మా అత్త. "ఆ జావా వాండ్లకి వస్తే పంచినాడు. యా సంబరమో తెలీక ఊరంతా తిన్న్యారు."

ఇదీ కథ. మా ఇంటాయన చెప్పినట్టు మళ్లీ అడగాల్సిన పని రాలేదు. ఏటా విత్తనం కాయలు ఒలిచేటప్పుడు అడగకుండానే వచ్చేది. నేను నమ్మానా అంటే, సగం. ముల్లుగర్రతో నేల కొట్టే చోట పూర్తిగా నమ్మేదాన్ని, మెర్దేకా చోట కొంచెం అనుమానించేదాన్ని.

ఇలా కొన్నేళ్లు గడిచాక, ఒక ఏడు సరైన అదనులో వాన పడింది. చేను పూతకొచ్చి, పూల నుంచి ఊడలు మట్టిలోకి దిగే సమయం. ఆకు మీద నల్లమచ్చలు కనిపించాయి. కృషి ఇలాఖా, అంటే వ్యవసాయ శాఖ నుంచి ఒక చిన్న ఆఫీసరు, తుమకూరు వైపు కుర్రాడు, అప్పుడప్పుడు వచ్చి చూసి పోయేవాడు. ఒకరోజు సాయంత్రం అతను జీపులో ముగ్గురు విదేశీయులను తీసుకొచ్చాడు. హైదరాబాదు వైపు ఎక్కడో మెట్టపంటల మీద శిక్షణకు వచ్చారట, వాన తక్కువ ఉన్నచోట వేరుశనగ ఎలా పండిస్తారో చూడాలట. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఆమెకు నలభై దాటి ఉంటాయి. ప్యాంటు, చొక్కా, తలకు గుడ్డ టోపీ. మొహం మన వాళ్లలాగే ఉంది, కళ్లు మాత్రం కొంచెం వేరు. మగవాళ్లు గట్టు మీదే నిలబడ్డారు. ఆమె నేరుగా చేలోకి దిగి, గొంతుక్కూర్చుని, ఆకులు తిప్పి చూడడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. ఆమె చెట్టు పీకలేదు. వేళ్లతో మట్టి తోడి ఊడలు చూసి మళ్లీ కప్పేసింది. అది చూసి ఈమె పొలం మనిషేనని నాకు నమ్మకం కుదిరింది.

అప్పుడే అవతలి గట్టు నుంచి మా అత్త గొంతు వినిపించింది. "పులాంగ్ సాజా! పులాంగ్ సాజా!"

ఆమె చటుక్కున లేచి నిలబడింది. మేకలు మా పక్కగా ఇంటిదారిన పోతున్నాయి. ఆమె మేకలను చూసింది, మా అత్తను చూసింది, ఆఫీసరుతో గబగబా ఇంగ్లీషులో ఏదో అడిగింది. అతనికి తల ఊపడం తప్ప ఏమీ తోచినట్టు లేదు. చివరికి మాతో కన్నడంలో, ఈ ముసలామె తన మేకలతో ఏ భాషలో మాట్లాడుతోందని మేడం అడుగుతున్నారన్నాడు.

మా అత్త దగ్గరికొచ్చేసరికి అందరూ తననే చూస్తున్నారు. విదేశం నుంచి వచ్చిన ఆడమనిషిని తిట్టినట్టయిందేమోనని ఆమెకు భయమేసింది. "నేను ఆయమ్మని అనలేదప్పా, మేకల్ని అన్నా" అంది ఆఫీసరుతో.

ఆ వచ్చినామె జావా మనిషి. చేతుల్లో మట్టి అలాగే ఉండగా మా అత్త రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ నవ్వింది. ఆఫీసరు ఒక్కో ముక్కా కన్నడంలోకి మార్చి చెప్పాడు. అది తమ భాషేనట. పులాంగ్ అంటే ఇంటికి వెళ్లడం. సాజా అంటే, ఇంక అంతే, అని. ఇంక ఇంటికి వెళ్లిపో అని అర్థం. మీరు మీ మేకలకు చాలా సరైన మాటే చెప్పారు, అవి చక్కగా విన్నాయి కూడా, అందామె.

మా అత్త నా వైపు తిరిగింది. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. "అట్లయితే మీ మామ నిజంగానే పోయినాడా?" అంది.

మా మామ మోకాళ్ల నొప్పితో ఇంటి దగ్గరే ఉన్నాడు. మా ఇంటాయన ముందుగా పరిగెత్తాడు, ఎన్నడూ ఆ కథను పూర్తిగా కూర్చుని వినని మనిషి. మేం చేరేసరికి మా మామ బనీను మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ వాకిట్లోకి వస్తున్నాడు. ఆమె తన భాషలో పలకరించింది. ఆయన ఆఖరి గుండీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు ఆ మాటలు మాతో అన్నాడు, అర్థమయ్యే మనిషి ఎదురైతే ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి "ఆయెర్?" అన్నాడు. నీళ్లు కావాలా అని. ఆమె కావాలంది. నీళ్ల చెంబు తేవడానికి మా అత్త నన్ను వెళ్లనివ్వలేదు, తనే తెచ్చింది.

నీళ్లు తాగాక మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గంపలో ఉన్న వేరుశనగను చూపించి కచాంగ్ అన్నాడు. ఆమె సరేనంది. బాగుస్ అన్నాడు. దానికీ సరేనంది. వీధిలో జనం పోగయ్యారు. బళ్లారి క్యాంపు పక్షం వాళ్లంతా మా పంచ ముందే ఉన్నారు. మా మామకు ఉత్సాహం వచ్చి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి, వంటాయన కథంతా సైగలతో చెప్పి, ముల్లుగర్ర నేలకు కొట్టి "పులాంగ్ సాజా, తువాన్" అని గర్జించాడు.

ఆమె నవ్వింది గానీ తల అడ్డంగా ఊపింది. అలా అనం, అంది. ఆ మాటను అరిచి చెప్పరట. పొద్దంతా పని చేసి అలసిపోయిన వాళ్లకు, ఏడుస్తున్న పిల్లకు, దుఃఖంలో ఉన్న స్నేహితులకు చెప్పే మాట అట. ఎలా అంటారో ఆమె ఒకసారి అని చూపించింది. మెల్లగా, దగ్గరివాళ్లతో అన్నట్టు. ఇంక ఇంటికి వెళ్లండి దొరా.

మా మామ కర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. ఆమె అన్నట్టే, అదే గొంతుతో, తనలో తాను ఒకసారి అనుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "మెల్లగానే అన్న్యాడు. ఆయప్ప కండ్లలో నీళ్లు గూడా ఉండె. కత చెప్పీ చెప్పీ నేనే గట్టిగా చేసినా."

మా అత్త అంది, "ఆ మాట ఆయప్ప నీకు గూడా ఒగసారి చెప్పింటే బాగుండు. ఈడ నేను నీ దోవ చూస్తా కూసుంటి." వీధి అంతా నవ్వింది. ఆఫీసరు దాన్ని అనువదించాక జావా ఆమె అందరికన్నా ఎక్కువ నవ్వింది.

తర్వాత మా మామ తనకు తెలియనిది అడిగాడు. అన్ని పట్నాలు పట్టుకున్నవాళ్లు, అంత సైన్యం ఉన్నవాళ్లు, ఎలా ఓడిపోయారని. ఆమె ఉండేది జావాలోనే, ఒక చిన్న పల్లెలో. డచ్చివాళ్లు రెండోసారి విరుచుకుపడినప్పుడు చిన్నపిల్ల. పగలంతా వాళ్ల జీపులు తిరిగేవట. మీ ఊళ్లో తుపాకులు పట్టిన వాళ్లున్నారా అని అడిగేవారు, అమ్మలక్కలు లేరని చెప్పేవారు. పొద్దు గూకితే ఊరి మగవాళ్లు ఆ జీపులు వచ్చే దారుల్లోనే గుంటలు తవ్వేవారు, వంతెనల పలకలు ఊడదీసేవారు. ఇంటింటా ఆడవాళ్లు అన్నం వండి, అరిటాకులో పొట్లాలు కట్టి, అడవిలో ఉన్నవాళ్లకు పంపేవారు. తన వాటాకు మాడు ముక్క వచ్చేదట, దానికోసం మెలకువగా ఉండేదట. పట్నంలో జెండా వాళ్లది, పల్లెలో అన్నం మాది, అంది.

డచ్చివాళ్లు ఎప్పుడు వెళ్లిపోయారో తెలుసా అని మా ఇంటాయన అడిగాడు. ఎవరూ చెప్పలేదంది. ఒకరోజు జీపు రాలేదు. మరుసటి రోజూ రాలేదు. పిల్లలు దారి మధ్యలో కూర్చుని ఆడుకున్నారు, ఎవరూ లేవమనలేదు. అప్పుడు తెలిసిందట.

ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. ఇంకో ఊళ్లో ఇంకో చేను చూడాలి. మా అత్త వదల్లేదు. ఉన్న సంగటి, శెనక్కాయల ఊరుబిండి పెట్టింది. ఊరుబిండి అంటే మా వైపు వేరుశనగ పచ్చడి. ఆమె వేలితో నాకి చూసి, మాకూ ఉంది ఇలాంటిది, ఉడికిన కూరాకుల మీద పోసుకుంటాం, అందులో బెల్లం కూడా వేస్తాం అంది. "తియ్య ఊరుబిండి ఏందమ్మా" అని మా అత్త మొహం ముడిచింది. తర్వాత వారంలోనే నేను లేనప్పుడు చేసి చూసిందని వంటింట్లో బెల్లం డబ్బా చెప్పింది. ఆకుమచ్చకు ఏ మందు కొట్టాలో ఆమె ఆఫీసరుకు చెప్పి, అతను మాకు చెప్పి, జీపు ఎక్కారు. మా మామ అటెన్షన్లో నిలబడి శాల్యూట్ కొట్టాడు. ఆమె జీపులోంచే పిడికిలి ఎత్తి మెర్దేకా అంది.

మందు కొట్టాం. పంట మోస్తరుగా వచ్చింది. మా మామకు మాత్రం ఊళ్లో గిరాకీ పెరిగింది. ఇదివరకు నవ్విన పెద్దమనుషులే బంధువులు వస్తే తీసుకొచ్చి, మా జావా ఆయన అని పరిచయం చేసేవారు. ఆయన కథ చెప్పేవాడు గానీ కర్ర పట్టుకోవడం మానేశాడు. పిల్లలకు నిరాశగా ఉండేది.

మా అత్త ఇప్పుడు చెయ్యి ఆపి వినేది. ఒకరోజు కాయలు ఒలుస్తూ, ఎవరూ ఎప్పుడూ అడగనిది అడిగింది. ఆ గేటు దగ్గర నీళ్లు తాగి నిలబడ్డ ఆడపిల్లలు ఏమయ్యారని.

మా మామ గుర్తు చేసుకుని చెప్పాడు. వాళ్లను మళ్లీ లారీ ఎక్కించుకుని కంచె దగ్గరికే తీసుకుపోయాడు. చిన్నది దారిలో నిద్రపోయింది, తనే ఎత్తుకుని దింపాడు. బరువే లేదట. తర్వాత వాళ్లను ఓడలో డచ్చి దేశం పంపించారని విన్నాడు.

"ఆ దేశం చూసిండారా పిల్లోళ్లు, అంతకుముందు?" అంది మా అత్త.

"యాడ చూస్తారు? ఆ ఇంట్లోనే పుట్టినారంట."

మా అత్త చేతిలో గింజలు చాటలో పోసింది. ఆ రోజు నుంచి ఆ పిల్లలను వదల్లేదు. మా మామకు గొంతు నీరసించిన తర్వాత కూలికి వచ్చే ఆడవాళ్లకు ఆ కథ ఆమే చెప్పేది. పావగడ, తిరుపతి తప్ప ఇంకో ఊరు ఎరగని మనిషి, సురబాయ వీధుల్లో చెట్లు ఏ పక్క ఉంటాయో చూసివచ్చినట్టు చెప్పేది. ఆమె కథలో డచ్చి సైన్యం రెండు మాటల్లో వచ్చి పోయేది. వంటాయన ఉండేవాడు, పొట్లాలు కట్టే ఆడవాళ్లు ఉండేవారు, ఓడలో ఆ ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. చిన్నదానికి జ్వరం వచ్చిందని, పెద్దది దుప్పటి కప్పిందని కూడా చెప్పేది. అవి ఎక్కడివని నేను అడగలేదు.

మంచం మీద పడుకుని మా మామ వినేవాడు. అప్పుడప్పుడు దుప్పటి సంగతి నాకు తెలియదే అని గొణిగేవాడు.

"నువ్వు చూల్లేదులే. నీకు లారీ నడిపే పనుండె" అని, కూలోళ్ల వైపు తిరిగి ఆమె తన కథ సాగించేది.